అలిగిన బతుకమ్మ నాడు చంద్రుణ్ణి చూపిద్దాం
రాజన్న సిరిసిల్ల జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



నేను సర్కారు బళ్లలో సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. వీర్నపల్లిలో మా వాకిట్లో ఒక టెలిస్కోపు ఉంది. అద్దం అడ్డం 114 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 900 మిల్లీమీటర్లు. ఒక మోస్తరు సెల్‌ఫోను ధరకు వచ్చే వస్తువు. సాయంత్రం పూట దాన్ని బయట పెడితే ఊరి పిల్లలు, చుట్టుపక్కల తండాల పిల్లలు వస్తారు. వాళ్ల తరఫున మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 ఆగస్టు 23 నాడు జరిగిన సంగతితో మొదలుపెడతాను. అది జాతీయ అంతరిక్ష దినం. చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ చంద్రుడి మీద దిగిన రోజు కాబట్టి దేశమంతా జరుపుకుంటున్నాం. ఆ రోజు బళ్లో చార్టులు అతికించి, క్విజ్ పెట్టి, ఉపన్యాసాలు విని, పిల్లలు పొద్దుగూకే వేళకు మా వాకిట్లోకి వచ్చారు. "సార్, విక్రమ్ దిగిన చందమామను చూపెట్టుండ్రి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు శ్రావణ అమావాస్య, పొలాల అమావాస్య. ఆకాశంలో చంద్రుడే లేడు. పిల్లలు కాసేపు నిలబడి వెళ్లిపోయారు. అంతకుముందు ఏడు అదే తేదీకి చంద్రుడు బహుళ చవితిలో ఉన్నాడు. రాత్రి పొద్దుపోయాక గానీ లేవలేదు. ఇంగ్లీషు తేదీకి చంద్రుడితో లెక్క లేదు. పైగా ఆగస్టు అంటే మనకు మబ్బుల నెల.

అంతరిక్ష దినం తేదీ మార్చమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలోది కాదు. కానీ పిల్లలకు చంద్రుణ్ణి ఎప్పుడు చూపించాలో చెప్పే పుస్తకం మన ప్రతి ఇంట్లో గోడకు వేలాడుతోంది. ఆ మాట చెప్పడానికే రాస్తున్నాను.

టెలిస్కోపు పెడదామనుకునే వాళ్లలో ఎక్కువమంది పున్నమి కోసం చూస్తారు. నిండు చంద్రుడు కదా, బాగా కనిపిస్తాడని వారి ఉద్దేశం. నా అనుభవంలో ఇంతకు మించిన పొరపాటు లేదు. పున్నమి నాడు సూర్యుడి వెలుగు చంద్రుడి మీద మన వైపు నుంచే నేరుగా పడుతుంది. నీడలు ఉండవు. నీడ లేకపోతే గుంత గుంతలా కనిపించదు, కొండ కొండలా కనిపించదు. తెల్లటి సున్నం గోడ మీద మరకల్లా ఉంటుంది, కళ్లు చెదురుతాయి. పిల్లవాడు రెండు క్షణాలు చూసి "తెల్లగున్నది సార్" అని పక్కకు జరుగుతాడు. అదే పిల్లవాడికి అష్టమి చంద్రుణ్ణి చూపించండి, కటకం దగ్గరి నుంచి లేవడు. సగం వెలుగు, సగం చీకటి. రెండూ కలిసే గీత దగ్గర చంద్రుడి మీద అప్పుడే తెల్లవారుతుంటుంది. ఏటవాలు ఎండలో ప్రతి బిలం గోడా పక్కకు పొడుగాటి నల్లని నీడ పరుస్తుంది. చంద్రుడంటే ఒక చోటు, అక్కడా నేల ఉంది, ఎత్తూ పల్లం ఉన్నాయి అని బుద్ధికి తట్టేది ఆ గీత దగ్గరే.

ఆ గీత ఏ రోజు ఎక్కడ ఉంటుందో మన పంచాంగం చెబుతుంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. అమావాస్యకు ఎడం సున్నా. పాడ్యమి ముగిసేసరికి 12, విదియ ముగిసేసరికి 24. చంద్రుడి నేల మీద ఆ వెలుగు గీత కూడా రోజుకు దాదాపు 12 డిగ్రీలే జరుగుతుంది. అక్కడి నడిమి రేఖ మీద 12 డిగ్రీలంటే సుమారు 360 కిలోమీటర్లు, గంటకు 15 కిలోమీటర్లు. తాపీగా సైకిల్ తొక్కే మనిషి వేగం. అంటే ఒక్కో తిథికి చంద్రుడి మీద 360 కిలోమీటర్ల వెడల్పున కొత్త నేలకు పొద్దు పొడుస్తుంది. పురోహితుడు ముహూర్తానికి చూసే తిథినే నేను టెలిస్కోపు కోసం చూస్తాను. చంద్రుడు కొద్దిగా తల ఊపినట్టు అటూ ఇటూ ఊగుతాడు కాబట్టి అర తిథి తేడా రావచ్చు. సాయంత్రానికి ఏ తిథి నడుస్తోందో చూసుకోవాలి. అంతే.

ఇప్పుడు మన బతుకమ్మ సంగతికి వస్తాను.

ఎంగిలి పూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు. సద్దుల బతుకమ్మ ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు. అమావాస్య నుంచి అష్టమి దాకా, చంద్రుడు ఏమీ లేని చోటి నుంచి సగం దాకా పెరిగే తొమ్మిది రోజులు. టెలిస్కోపుకు నెలలో ఇంతకన్నా మంచి రోజులు లేవు. తెలంగాణ ఆడబిడ్డలు ఏటా ఈ తొమ్మిది రోజుల్లో ఒక్క సాయంత్రం తప్ప రోజూ ఆరుబయట గుమిగూడుతారు. పడమట నెలవంక పెరుగుతూ ఉంటుంది, దాని కింద ఆట సాగుతూ ఉంటుంది. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు నేసిన సాంచాలు, అంటే మరమగ్గాలు, మన సిరిసిల్లవి. ఈ పండుగ సాయంత్రాలను చంద్రుడితో ముడిపెట్టే పని కూడా మన జిల్లాలోనే మొదలైతే బాగుంటుందని నా ఆశ.

ముద్దపప్పు బతుకమ్మ నాటికి సన్నటి నెలవంక పొద్దు వెంటే దిగిపోతుంది. ఆ కాసేపట్లో చంద్రుడి చీకటి భాగం కూడా మసకగా కనిపిస్తుంది, చూడండి. అది భూమి మీద పడిన ఎండ తిరిగి చంద్రుడి మీద పడటం. మన వెన్నెల చంద్రుడికి కాస్తోందన్నమాట. ఈ సంగతి లియోనార్డో డావిన్సీ తన రాతల్లో వివరించాడు. దీనికి టెలిస్కోపు కూడా అక్కర్లేదు.

నానబియ్యం, అట్ల బతుకమ్మ రోజుల్లో, అంటే తదియ, చవితి నాడు, అంచు దగ్గర ఒక నల్లటి గుండ్రని మైదానం బయటపడుతుంది. దాని పేరు మారే క్రైసియం, సంక్షోభ సముద్రం. నీళ్లు లేని సముద్రం అది, గడ్డకట్టిన లావా. 1651లో ఇటలీలో రిచియోలి అనే మతాచార్యుడు అచ్చువేసిన పటంలో పెట్టిన పేర్లే ఈ సముద్రాలకు ఇప్పటికీ ఉన్నాయి. అవ్వలు మనకు చూపించిన కుందేలు కూడా ఈ సముద్రాలే. మా అవ్వ మాత్రం కుందేలు అనేది కాదు, రాట్నం వడికే ముసలమ్మ అనేది. నేతగాళ్ల ఇలాకాలో చంద్రుడిలోనూ రాట్నమే కనిపించింది.

చవితి అనగానే ఒక మాట. భాద్రపద శుద్ధ చవితి, వినాయక చవితి నాటి చంద్రుణ్ణి చూడకూడదని మన ఇళ్లలో నియమం. నేను ఆ రాత్రి టెలిస్కోపు బయటికి తీయను, ఎవరినీ చూడమనను. నమ్మకాన్ని నొప్పించి సైన్స్ చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు. ఏడాదిలో ఇంకా బోలెడు చవితులున్నాయి.

పంచమి. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆడవాళ్లకు ఆ సాయంత్రం తీరిక. నేను ప్రతి ఏడూ ఆ రోజు కోసమే ఎదురుచూస్తాను. ఎందుకంటే ఆ సాయంత్రం ప్రశాంత సముద్రం తూర్పు భాగంలో ఆర్యభట పేరున్న బిలానికి పొద్దు పొడుస్తుంది. 22 కిలోమీటర్ల బిలం. అందులోకి లావా నిండిపోయి ఒక పక్క గోడ మాత్రమే విరిగిన గాజుముక్కలా మిగిలింది. అదే సాయంత్రం చంద్రుడి దక్షిణపు కొమ్ము దగ్గర, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 32 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, మన విక్రమ్ నిలబడ్డ నేలకు కూడా తెల్లవారుతుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు ల్యాండరు దిగినప్పుడు ఇక్కడ శ్రావణ శుద్ధ సప్తమి, అక్కడ పొద్దు పొడిచి రెండు రోజులు. సూర్యరశ్మితో నడిచే యంత్రాలకు అక్కడి పగలు పూర్తిగా దక్కాలి కాబట్టి ఇస్రో వాళ్లు అక్కడి తెల్లవారుజామును లెక్కగట్టి దించారు. చంద్రుడి మీద ఒక పగలు మనకు సుమారు 14 రోజులు. వాళ్లు చూసుకున్నదీ ఈ వెలుగు గీతనే.

"విక్రమ్ కనిపిస్తదా సార్?" అని ప్రతి పిల్లా అడుగుతుంది. కనిపించదు. నిజం చెప్పాలి. ఈ అద్దంతో చంద్రుడి మీద మనం విడిగా గుర్తుపట్టగలిగిన చిన్న వస్తువు రెండు కిలోమీటర్లుండాలి, విక్రమ్ రెండు మీటర్లు. కానీ అదిగో ఆ కొమ్ము, ఆ గుంతల గుంపు, అక్కడ ఉంది అని వేలు పెట్టి చూపించవచ్చు. తండా నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కటకంలో కన్ను పెట్టి చాలాసేపు చూసి, "గిన్ని గుంతల నడుమ సక్కగ ఎట్ల దింపిండ్రు బిడ్డా" అంది. చంద్రయాన్ గురించి నేను విన్న ప్రశ్నల్లో మంచి ప్రశ్న అది. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు ఎందుకు కూలిందో, 2023లో దిగే ముందు విక్రమ్ ఎందుకు కాసేపు పైనే ఆగి కెమెరాతో నేలను చూసుకుందో చెప్పడానికి దారి ఆ ప్రశ్నే తీసింది. క్విజ్‌లో ఆ ప్రశ్న ఉండదు, చూసినవాళ్లకే పుడుతుంది.

వేపకాయల బతుకమ్మ, షష్ఠి. ఈ రోజుకు థియోఫిలస్, సిరిల్లస్, కాథరీనా అనే మూడు పెద్ద బిలాలు గొలుసులా వెలుగులోకి వస్తాయి. థియోఫిలస్ 100 కిలోమీటర్ల వెడల్పు, నడుమ శిఖరాలు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగిన చోటుకూ ఇదే తిథికి తెల్లవారుతుంది. పైన నిర్మల సముద్రంలో విక్రమ్ సారాభాయ్ పేరు మీద 8 కిలోమీటర్ల చిన్న బిలం ఉంది. గాలి నిలకడగా ఉంటే 90 రెట్లు పెంచి చూసినప్పుడు సూది గుచ్చినట్టు కనిపిస్తుంది. వీర్నపల్లి వాకిట్లో నిలబడి పంచమి నాడు ఆర్యభటను, షష్ఠి నాడు సారాభాయ్‌ని చూడవచ్చని మన పాఠ్యపుస్తకాలు చదివిన పిల్లలకు ఎవరు చెప్పారు?

సద్దుల నాడు సగం చంద్రుడు. అపెనైన్ పర్వతాలు చీకట్లోంచి లేస్తాయి, దాదాపు 600 కిలోమీటర్ల బారు, కొన్ని శిఖరాలు 5 కిలోమీటర్ల ఎత్తు. మరునాడు నవమికి దక్షిణాన 225 కిలోమీటర్ల క్లావియస్ బిలం, దాని కడుపులో వంకీ తిరిగిన చిన్న బిలాల వరుస. అదే నవమికి 110 కిలోమీటర్ల పొడుగున స్కేలు పెట్టి గీసినట్టు ఒక నల్లని గీత. దాన్ని తిన్నని గోడ అంటారు గానీ నిజానికి 300 మీటర్లకు మించని వాలు. ఏటవాలు ఎండ దాన్ని గోడను చేసింది. చైత్రంలో సీతారాముల కల్యాణం చూసి ఇంటికొచ్చిన సాయంత్రం కూడా ఇదే కనిపిస్తుంది, నవమి నవమే కదా. ఇక దసరా. పగలు పాలపిట్టను చూస్తాం, జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఆ సాయంత్రం దశమి చంద్రుడి మీద కోపర్నికస్ బిలానికి పొద్దు పొడుస్తుంది. 93 కిలోమీటర్ల వెడల్పు, 3.8 కిలోమీటర్ల లోతు, మెట్లు మెట్లుగా దిగే గోడలు. మన రాజన్న సిరిసిల్ల జిల్లా లాంటివి మూడు అందులో పడతాయి. చంద్రుడి మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

మబ్బు పట్టి బతుకమ్మ రోజులు పాడైతే దిగులు లేదు. దీపావళి తర్వాత కార్తీక శుద్ధం వస్తుంది, అప్పటికి ఆకాశం కడిగినట్టు ఉంటుంది.

ఇది చూసి ఆనందించడంతో ఆగేది కాదు. 1609 చివర్లో గెలీలియో చంద్రుణ్ణి చూస్తూ, వెలుగు గీతకు అవతల చీకట్లో చిన్న చిన్న వెలుగు చుక్కలు గమనించాడు. మా ఊరి గుట్టల కొసన పొద్దున ఎండ తగిలి, కింద చేన్లు ఇంకా నీడలోనే ఉంటాయి కదా, అలాంటివే ఆ చుక్కలు. చీకట్లో తలెత్తిన శిఖరాలు. గీత నుంచి ఆ చుక్క ఎంత దూరముందో చంద్రుడి వ్యాసంతో పోల్చి, కొండ ఎత్తు కట్టాడు. అందుకు కావలసింది పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం. చుక్క గీతకు 120 కిలోమీటర్ల అవతల ఉందనుకోండి, అంటే 3,474 కిలోమీటర్ల వ్యాసంలో సుమారు 29వ వంతు. 120ని వర్గం చేసి 3,474తో భాగిస్తే 4 కిలోమీటర్ల పైచిలుకు. కొండ ఎత్తు వచ్చేసింది. మా వాకిట్లో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పెన్సిలుతో బొమ్మ గీసి, స్కేలుతో కొలిచి, ఈ లెక్క చేసింది. జవాబు చూసి తన చేతి వైపు ఒకసారి, చంద్రుడి వైపు ఒకసారి చూసింది. బడిలో అన్నేళ్లు చెప్పిన పాఠాలన్నీ ఒకెత్తు, ఆ అమ్మాయి ముఖం ఒకెత్తు.

ఇంటి ఆవరణలోంచి ఆకాశం చూడటం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో తమ సొంత ఆవరణలోనే వేధశాల కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు, అదే నిజామియా వేధశాలకు పునాది. అక్కడ పనిచేసిన తండ్రి పక్కన పెరిగిన కుర్రవాడు వేణు బప్పు తర్వాత దేశంలోనే పేరెన్నికగన్న ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు, 1949లో ఒక తోకచుక్కకు ఆయన పేరు కలిసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. వీటిలో మొదటి రెండూ కలిగినవాళ్ల ఇళ్లలో పుట్టాయి. ఇప్పుడు ఆ స్థోమత అక్కర్లేదు. గెలీలియో చేతిలో ఉన్న గొట్టం కన్నా మా వాకిట్లోది ఎన్నో రెట్లు మేలైనది.

మరి లోటు ఎక్కడ? నేను పనిచేసిన రోజుల్లో ఒక బడికి, దాని పేరు చెప్పను, మంచి టెలిస్కోపు వచ్చింది. పోతుందేమో, పగులుతుందేమో అని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏళ్ల తర్వాత తీస్తే అద్దం పూత తేమకు పొరలుగా లేచిపోయింది. ఒక్క పిల్లవాడి కన్ను కూడా దానికి ఆనలేదు. ఎవరి మీదా నేరం మోపడానికి ఇది చెప్పడం లేదు. వస్తువు ఇచ్చి, సాయంత్రం ఇవ్వకపోతే ఇలాగే అవుతుంది. బడి నాలుగున్నరకు మూస్తారు, చంద్రుడు ఆరున్నరకు కనిపిస్తాడు.

కాబట్టి అయ్యా, నేను అడిగేది ఇది. మండలానికి ఒక్క టెలిస్కోపు చాలు. ఏదో ఒక ఉన్నత పాఠశాలకో గురుకులానికో ఇచ్చి, ఒక టీచరుకు రెండు రోజులు నేర్పించండి. ఆ తర్వాత బతుకమ్మ రోజుల్లో, బతుకమ్మ ఆడే చోటుకు దగ్గర్లోనే, ఆట మొదలయ్యే ముందు ఒక గంట దాన్ని బయట పెట్టించండి. పిల్లలకే కాదు, ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు, సాంచాల మీద పని దిగి వచ్చేవాళ్లకు. దీనికి చీకటి ఊరు కూడా అక్కర్లేదు, చంద్రుడు సిరిసిల్ల బస్టాండులో వీధి దీపాల కిందా ఇలాగే కనిపిస్తాడు. స్లాబు మీద మాత్రం పెట్టించకండి. పగలంతా కాగిన సిమెంటు రాత్రి వేడి వదులుతుంది, బొమ్మ నీళ్లలో కదిలినట్టు వణుకుతుంది. సాన్పి చల్లిన మట్టి వాకిలి దానికి సరైన చోటు. ఇంకొక్క మాట, ఇది టీచరు మరిచిపోకూడనిది: టెలిస్కోపు పగటిపూట బయటికి రాకూడదు. దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే ఆ కన్ను పోతుంది.

అంతరిక్ష దినం నాడు ఉపన్యాసాలు ఉండనివ్వండి. దాని పక్కన పంచాంగం తెరిచి, ఆ ఏడు అలిగిన బతుకమ్మ ఏ తేదీన వచ్చిందో చూసి, ఆ సాయంత్రాన్ని జిల్లా అంతటా చంద్రుణ్ణి చూసే సాయంత్రంగా మీ సంతకంతో ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఈసారి అలిగిన బతుకమ్మ నాడు, మబ్బు లేకపోతే, సాయంత్రం ఆరున్నరకు మా వాకిట్లో టెలిస్కోపు ఆర్యభట బిలం మీద పెట్టి ఉంచుతాను. మీరు రావాలి. మొదట పిల్లలు చూస్తారు, తర్వాత మీరు చూద్దురు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు,
వీర్నపల్లి